చొక్కా చేతి మీద మూడు పట్టీలు

(మహిళల చదువుల కేంద్రంలో ఒక రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబుల్ చెప్పిన మాటలు)



పోలీసులు వచ్చారంటే ఊళ్ళో తలుపులు వేసుకుంటారు. మీరు నాకు చాప వేశారు. టీ ఇచ్చారు. చాలా సంతోషం.

నేను రైల్వే పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా పని చేస్తున్నాను. "మీరు ఆ ఉద్యోగానికి ఎలా వచ్చారో మా వాళ్ళకు చెప్పండి" అని మీ టీచరమ్మ అడిగారు. చెబుతాను. ముందుగా నా చొక్కా చెయ్యి చూడండి. ఇక్కడ, మోచేతికి పైన, మూడు పట్టీలు ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి. ప్రతి పట్టీకి మొన కిందికి ఉంది. ఈ మూడు పట్టీల కథే ఈ రోజు చెప్పబోయేది.

కొత్తగా చేరిన కానిస్టేబుల్‌కు ఈ పట్టీలు ఉండవు. హెడ్ కానిస్టేబుల్‌కు ఉంటాయి. ఆ పైన ఏఎస్సై. ఆయనకు భుజం మీద ఒక నక్షత్రం. ఎస్సైకి రెండు నక్షత్రాలు. ఇన్‌స్పెక్టరుకు మూడు. నక్షత్రాల పక్కన ఎరుపు, నీలం రంగుల పట్టీ కూడా ఉంటుంది. మీరు ఎప్పుడైనా పోలీసు స్టేషనుకు వెళితే ముందు భుజం చూడండి. తర్వాత చెయ్యి చూడండి. ఎదుట ఉన్నది ఎవరో తెలిసిపోతుంది. ఆ తర్వాత గుండె మీద ఉన్న పేరు బిళ్ళ చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా!

రైలు స్టేషనులో రెండు రకాల పోలీసులు ఉంటారు. ఇద్దరూ ఖాకీ బట్టలే వేసుకుంటారు. అందుకే జనం తికమక పడతారు. ఒకరు మేము. మమ్మల్ని జీఆర్‌పీ అంటారు. మేము రాష్ట్ర ప్రభుత్వ పోలీసులం. రైల్లో గాని, ప్లాట్‌ఫారం మీద గాని దొంగతనం జరిగితే, కొట్లాట జరిగితే, ఎవరైనా చనిపోతే కేసు రాసేది మేమే. రెండో వాళ్ళు ఆర్‌పీఎఫ్. వాళ్ళు కేంద్ర ప్రభుత్వం వాళ్ళు. 1957లో వచ్చిన చట్టం కింద ఏర్పడ్డారు. మొదట్లో రైల్వే సామాను కాపాడటం వాళ్ళ పని. 2003లో చట్టం మార్చారు. అప్పటినుంచి ప్రయాణికులను కాపాడే పని కూడా వాళ్ళకు అప్పగించారు. ఆపదలో ఉన్నప్పుడు ఇద్దరిలో ఎవరు కనబడినా చెప్పండి. "నువ్వు జీఆర్‌పీవా, ఆర్‌పీఎఫ్‌వా" అని అడుగుతూ కూర్చోనక్కరలేదు.

ఇక నా సంగతి. మాది కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. నాన్న కూలికి వెళ్ళేవాడు. అమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. నేను ఇంటర్ వరకు చదివాను. పోలీసులో ఆడపిల్లలను తీసుకుంటున్నారని పేపర్లో చూసి దరఖాస్తు పెట్టాను. ఊళ్ళో అందరూ నవ్వారు. "లాఠీ పట్టుకుంటే ఈ పిల్లను ఎవరు చేసుకుంటారు?" అన్నారు. చేసుకునేవాడు చేసుకున్నాడు. మా ఆయన ఆటో నడుపుతారు. మా అత్తగారు మొదట్లో గొణిగేది. రాత్రిపూట ఆడది ఇల్లు వదిలి పోవడమేమిటని ఆవిడ బాధ. నా కొడుకును పెంచింది మాత్రం ఆవిడే. నాకు నైట్ డ్యూటీ ఉంటే సాయంత్రం నాలుగింటికే అన్నం వండి పెట్టేది. గొణుగుతూనే పెట్టేది.

మొదట నేను జిల్లా పోలీసులో ఉన్నాను. కొన్నేళ్ళకు రైల్వే పోలీసుకు పంపారు. అప్పటికి నేను కానిస్టేబుల్‌నే. చేతి మీద ఏమీ లేదు.

ఒక రాత్రి జరిగిన సంగతి చెబుతాను. ఏ స్టేషనో చెప్పను.

రాత్రి ఒంటిగంటకు ప్యాసింజరు బండి వచ్చింది. అందులోంచి ఒకావిడ ఏడుస్తూ దిగింది. పూలమ్ముకునే మనిషి. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఉంది. మెడ మీద ఎర్రగా గీత పడింది. కిటికీ పక్కన కూర్చుని కునుకు తీసిందట. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించింది. బయటనుంచి ఒక చెయ్యి వచ్చి పుస్తెలతాడు తెంపుకు పోయింది.

ఇలాంటి దొంగతనాలు సరిగ్గా అక్కడే జరుగుతాయి అక్కా. బండి బాగా పోతుంటే దొంగ చెయ్యి పెట్టలేడు. ఆగితే జనం పట్టుకుంటారు. స్టేషను ముందు, చీకట్లో, నెమ్మదిగా పోయేటప్పుడు వాడికి వీలు. అందుకే రాత్రిపూట స్టేషను దగ్గర పడుతుంటే కిటికీ తలుపు దించండి. కొంగు మెడ చుట్టూ కప్పుకోండి. గాలి ఆడకపోయినా ఆ పది నిమిషాలు ఓర్చుకోండి.

సరే. ఆవిడ వచ్చి "రాసుకోండమ్మా" అంది. ఆ రాత్రి ఎస్సై గారు లేరు. పట్టాల మీద శవం ఉందని కబురు వస్తే వెళ్ళారు. ఒక హెడ్ కానిస్టేబుల్ ఆయన వెంట వెళ్ళాడు. ఇంకొకాయన రైలు ఎస్కార్టులో ఉన్నాడు. స్టేషనులో ఉన్నది నేను, ఇంకో కానిస్టేబుల్. నాకు రాయడం వచ్చు. పెన్ను ఉంది. కాగితం ఉంది. కాని ఆ కాగితాన్ని కేసుగా రాసే అధికారం నాకు లేదు.

చట్టం ఏం చెబుతుందో వినండి. ఫిర్యాదు రాసుకోవలసింది స్టేషను అధికారి. ఆయన లేకపోతే ఆ సమయంలో స్టేషనులో ఉన్నవాళ్ళలో ఆయన తర్వాతి మెట్టులో ఉన్నవారు రాయాలి. అయితే ఆ మనిషి కానిస్టేబుల్ కంటే పై మెట్టులో ఉండాలి. అంటే హెడ్ కానిస్టేబుల్ అయినా ఉండాలి. అదీ ఈ మూడు పట్టీల విలువ! జీతం కొంచెం పెరుగుతుంది. సెల్యూట్ కొట్టేవాళ్ళు నలుగురు పెరుగుతారు. అవి చిన్న సంగతులు. ఎస్సై లేని వేళ ఒక మనిషి కష్టాన్ని కేసుగా రాయగలగడం, అది పెద్ద సంగతి.

ఆవిడకు మంచినీళ్ళు ఇచ్చాను. పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. తెల్లవారేదాకా కూర్చుంది. పొద్దున్నే అధికారి వచ్చారు. "ఆ సిగ్నల్ మా హద్దు కాదు, పక్క స్టేషనుకు పో" అన్నారు. ఆవిడ బుట్ట పట్టుకుని వెళ్ళిపోయింది. పక్క స్టేషనుకు వెళ్ళిందో, ఇంటికే వెళ్ళిందో. ఆ పూట అమ్ముకోవలసిన పూలు ఉంటాయి కదా.

ఇప్పుడు అలా పంపడానికి వీలు లేదు. 2024 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త చట్టాలు వచ్చాయి. నేరం ఎక్కడ జరిగినా సరే, మీరు ఏ స్టేషనుకు వెళితే ఆ స్టేషనులో ఫిర్యాదు తీసుకోవాలని అందులో రాసి ఉంది. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. వాళ్ళు తీసుకుని, తర్వాత హద్దు ఉన్న స్టేషనుకు పంపాలి. తిరగవలసింది కాగితం. మీరు కాదు.

ఎఫ్‌ఐఆర్ అనే మాట వినే ఉంటారు. నేరం గురించి పోలీసులకు మొదట అందిన కబురును రాసే కాగితం అది. మీరు నోటితో చెబితే వాళ్ళు రాయాలి. రాసింది మీకు చదివి వినిపించాలి. అప్పుడు మీరు సంతకం చేయాలి. దాని నకలు మీకు ఇవ్వాలి. దానికి పైసా కూడా కట్టనక్కరలేదు. ఇక్కడ నాదో మనవి. వాళ్ళు చదివి వినిపించినా సరే, కాగితం మీ చేతిలోకి తీసుకోండి. మెల్లగా చదవండి. కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు. మీ పేరు సరిగా ఉందా? పోయిన వస్తువు పేరు ఉందా? ఎన్ని గ్రాములో ఉందా? తారీఖు, వేళ ఉన్నాయా? స్టేషనులో మీరు చదువుతూ కూర్చుంటే కొందరికి విసుగు వస్తుంది. రానివ్వండి.

వాళ్ళు ఫిర్యాదు తీసుకోకపోతే? జిల్లా ఎస్పీ గారికి ఉత్తరం రాసి పోస్టులో పంపవచ్చు. ఇది కూడా చట్టంలో ఉంది. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు. ఆడవాళ్ళ మీద అత్యాచారం, వేధింపు లాంటివి జరిగితే ఆ ఫిర్యాదు ఆడ పోలీసే రాసుకోవాలి. 2013 నుంచి ఇలా ఉంది. అందుకే చెబుతున్నాను. ప్రతి స్టేషనులోనూ మూడు పట్టీలున్న ఆడ మనిషి ఒకరైనా ఉంటే ఎంత తేడానో ఆలోచించండి. ఊరికే బందోబస్తులో నిలబెట్టడానికి కాదు. బల్ల దగ్గర కూర్చుని రాయడానికి.

నేను హెడ్ కానిస్టేబుల్ కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ముందు సర్వీసు ఉండాలి. రికార్డులో చెడ్డ రాత ఉండకూడదు. నా సర్వీసు నిండాక జాబితాలో పేరు వచ్చింది. శిక్షణకు పంపారు. పొద్దున్న పరేడు, పగలు చట్టం పాఠాలు. పరేడు నాకు కష్టం కాలేదు. పొలంలో వంగి నాట్లు వేసిన నడుము ఇది! కష్టమంతా పాఠాలతోనే. ఇంటర్ చదివిన చదువు ఎప్పుడో మరిచిపోయాను. సెక్షను నంబర్లు గుర్తుండేవి కావు. గోధుమపిండి కలుపుతూ, "దొంగతనం 379, దొంగతనం 379" అని గొణుక్కునేదాన్ని. మా అబ్బాయి పుస్తకం పట్టుకుని నన్ను ప్రశ్నలు అడిగేవాడు. తప్పు చెబితే వాడికి ఎంత సంబరమో!

అక్కడ ఎక్కువగా నేర్పింది రాత పనే. జనరల్ డైరీ అని ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. స్టేషనులో ఏం జరిగినా అందులో రాయాలి. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏం చెప్పారు, ఎవరు డ్యూటీకి వెళ్ళారు, ఎవరు తిరిగి వచ్చారు. అంతా వేళతో సహా రాయాలి. మన స్టేషన్లలో రైటరు అని ఒకరు ఉంటారు. రాత పనంతా చూసేది ఆయనే. ఎక్కువగా హెడ్ కానిస్టేబులే రైటరుగా ఉంటాడు. జనం ఎస్సైకి భయపడతారు గాని, స్టేషనులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసేది రైటరుకే.

ఇక్కడ ఒక దూరదేశం కథ చెప్పాలి. మూడు పట్టీల కథే ఇది కూడా.

అమెరికాలో మూడు పట్టీలున్న పోలీసును సార్జెంటు అంటారు. అక్కడ న్యూయార్కు అనే పెద్ద నగరం ఉంది. ఆ నగరంలో నేల కింద రైళ్ళు నడుస్తాయి. ఆ రైళ్ళకు వేరుగా ఒక పోలీసు శాఖ ఉండేది. 1995లో దాన్ని నగర పోలీసులో కలిపేశారు. ఆ నగర పోలీసులో ఫెలీషియా ష్ప్రిట్జర్ అనే ఆవిడ ఉండేది. 1942లో ఉద్యోగంలో చేరింది. దాదాపు ఇరవై ఏళ్ళు పని చేసింది. 1961లో సార్జెంటు పరీక్షకు దరఖాస్తు పెట్టింది. పై అధికారులు తీసుకోలేదు. ఎందుకని? ఆడది కాబట్టి! సార్జెంటు పరీక్ష మగవాళ్ళకేనట. ఆవిడ కోర్టుకు వెళ్ళింది. 1963లో గెలిచింది. 1964లో అక్కడి ఆడ పోలీసులు మొదటిసారి ఆ పరీక్ష రాశారు. 126 మంది రాస్తే ఇద్దరే పాసయ్యారు. ఒకరు ష్ప్రిట్జర్. ఇంకొకరు గెర్ట్రూడ్ షిమ్మెల్. 1965లో ఇద్దరి చేతుల మీదకూ పట్టీలు వచ్చాయి.

ఇద్దరేనా అని మీకు అనిపించవచ్చు. అన్నేళ్ళు పరీక్ష గది గడప తొక్కనివ్వలేదు. పుస్తకం తీసే అవసరమే రానివ్వలేదు. మొదటిసారి రాసినప్పుడు ఇద్దరు గట్టెక్కడం తక్కువేమీ కాదని నేనంటాను. ఆ షిమ్మెల్ గారు ఆ తర్వాత సార్జెంటు దగ్గర ఆగలేదు. చాలా పై మెట్లు ఎక్కారు.

మన దేశంలో చట్టం అడ్డు లేదు. కాని చట్టం అడ్డు లేనంత మాత్రాన దారి సాఫుగా ఉంటుందా? కొన్ని స్టేషన్లలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కూడా సరిగా లేని రోజులు నేను చూశాను. నైట్ డ్యూటీలో నీళ్ళు తాగకుండా గడిపిన రోజులు ఉన్నాయి. చాలామంది ఆడ కానిస్టేబుళ్ళు ప్రమోషన్ వచ్చినా వద్దని రాసిచ్చేవాళ్ళు. దూరం బదిలీ చేస్తారని, పిల్లలు ఆగమైపోతారని భయం. వాళ్ళను తప్పు పట్టలేం. మా అత్తగారు లేకపోతే నేనూ రాసిచ్చేదాన్నేమో.

పట్టీలు వచ్చిన కొత్తలో ఒక చిక్కు వచ్చింది. నిన్నటిదాకా "చెల్లెమ్మా" అని పిలిచిన మగ కానిస్టేబుళ్ళకు నేడు నేను డ్యూటీ చెప్పాలి. రాత్రి రైలు ఎస్కార్టు అంటే ఒక చిన్న జట్టు. జట్టుకు పెద్ద హెడ్ కానిస్టేబుల్. ఏ పెట్టె నుంచి ఏ పెట్టె దాకా ఎవరు తిరగాలి, ఏ స్టేషనులో ఎవరు కిందికి దిగి చూడాలి, ఇవన్నీ నేను చెప్పాలి. జట్టులో ఒకాయన నాకంటే పదేళ్ళు పెద్ద. నేను చెప్పినప్పుడల్లా కిటికీలోంచి బయటకు చూసేవాడు. నేను అరవలేదు. డ్యూటీ కాగితం మీద పేరు, పెట్టె నంబరు, వేళ రాసి చేతికిచ్చాను. "అన్నా, చదివి సంతకం పెట్టు" అన్నాను. పెట్టాడు. నోటి మాటను గాలికి వదిలేయొచ్చు. సంతకం పెట్టిన కాగితాన్ని వదల్లేడు కదా. నెల తిరిగేసరికి ఆయనే నాకు టీ తెచ్చిచ్చేవాడు.

మా పనిలో ఒక భాగం ఉంది. దాని గురించి చెప్పాలంటే నోరు రాదు. రైలు కింద పడినవాళ్ళ శవాలు. పట్టాలు దాటుతూ కొందరు పోతారు. తలుపు దగ్గర నిలబడి జారిపోయేవాళ్ళు కొందరు. బతుకు మీద విసుగుతో వచ్చేవాళ్ళు కొందరు. జేబులో కాగితం ఉండదు. ఎవరో తెలియదు. అప్పుడు ఎస్సై గారితో పాటు వెళ్ళి, పెద్దమనుషుల ఎదుట పంచనామా రాయాలి. చీర రంగు ఏమిటి, అంచు ఏమిటి, గాజులు ఎన్ని, చెవికి ఏముంది, కాలికి మెట్టెలు ఉన్నాయా. ఒక్కటి కూడా వదలకూడదు. ఎక్కడో ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి ఆ రాత చూసి గుర్తుపట్టాలి. ఒకసారి ఒక పెద్దావిడ చేతి మీద పచ్చబొట్టు ఉంది. అక్షరాలు పాతబడి కలిసిపోయాయి. టార్చి వేసి ఒక్కొక్క అక్షరం చదివాను. అది ఆమె పేరు. కింద ఊరి పేరు కూడా ఉంది. తెల్లవారేసరికి ఆ ఊరికి కబురు అందింది. కొడుకు వచ్చాడు. లేకపోతే ఆవిడను అనామకంగా పూడ్చిపెట్టేవాళ్ళు.

పిల్లల సంగతి మీకు తెలిసిందే. అలిగి బండెక్కి వచ్చేస్తారు. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా బిత్తర చూపులు చూసే పిల్లను చూస్తే నాకు తెలిసిపోతుంది. అలాంటి పిల్లలు కనబడితే మాకు చెప్పండి. లేదా 1098కి ఫోను చేయండి.

రైల్లో మీకు ఏదైనా ఇబ్బంది వస్తే 139కి ఫోను చేయండి. మునుపు 182 అని ఇంకో నంబరు ఉండేది. 2021లో దాన్ని 139లో కలిపేశారు. గోడల మీద అక్కడక్కడ పాత నంబరు ఇంకా కనబడితే దాన్ని నమ్ముకోకండి. బండి మధ్యలో దిగి ఫిర్యాదు చేయాలన్న నియమం కూడా లేదు. టికెట్ కలెక్టరు దగ్గర, గార్డు దగ్గర, మా ఎస్కార్టు దగ్గర ఫిర్యాదు ఫారాలు ఉంటాయి. అడిగి తీసుకోండి. నింపి ఇవ్వండి. వచ్చే స్టేషనులో మాకు అందుతుంది. ఆ ఫారంలో బండి నంబరు, పెట్టె నంబరు, సీటు నంబరు అడుగుతారు. రిజర్వేషన్ టికెట్టు అయితే అవన్నీ దాని మీదే ఉంటాయి. బండెక్కిన వెంటనే ఒకసారి చదువుకోండి. ఎవరైనా తెలియని మనిషి ప్రేమగా బిస్కట్టు పెడితే, టీ ఇస్తే తీసుకోకండి. మత్తు కలిపి దోచుకునేవాళ్ళు ఉన్నారు. మర్యాద పోతుందని మొహమాట పడకండి.

ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్ళ కోసం ఆర్‌పీఎఫ్ వాళ్ళు 2020లో ఒక పని మొదలుపెట్టారు. దాని పేరు "మేరీ సహేలీ". అంటే నా స్నేహితురాలు అని అర్థం. బండి బయలుదేరే స్టేషనులో ఆడ పోలీసులు పెట్టెలోకి వస్తారు. ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడతారు. సీటు నంబరు రాసుకుంటారు. ఆ నంబరు దారిలో ఉన్న స్టేషన్ల వాళ్ళకు పంపుతారు. వాళ్ళు బండి ఆగినప్పుడు చూస్తారు. దిగే చోట "ఇబ్బంది ఏమైనా కలిగిందా" అని అడుగుతారు. అన్ని బండ్లలో ఇది ఉండదు. ఉన్నచోట మాత్రం బాగా పని చేస్తోంది. ఇది మా శాఖ పని కాకపోయినా మెచ్చుకోవాలి.

మీ ఇళ్ళల్లో ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను.

ఆర్‌పీఎఫ్‌లో కానిస్టేబుల్ కావాలంటే పదో తరగతి పాసైతే చాలు. ఎస్సై కావాలంటే డిగ్రీ ఉండాలి. 2018లో 8,619 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చారు. అందులో 4,216 ఆడవాళ్ళకే. దాదాపు సగం! 2024లో 4,208 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ఆడపిల్లల ఎత్తు 157 సెంటీమీటర్లు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 152 చాలు. 800 మీటర్లు 3 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాలి. 9 అడుగుల దూరం దూకాలి. 3 అడుగుల ఎత్తు దూకాలి. మన రాష్ట్ర పోలీసులో కానిస్టేబుల్ కావాలంటే ఇంటర్ పాసవ్వాలి. ఆడపిల్లల ఎత్తు 152.5 సెంటీమీటర్లు. అంటే ఐదడుగులు. ప్రతిసారీ ప్రకటనలో లెక్కలు కొంచెం మారుతుంటాయి. కాబట్టి ప్రకటన తెప్పించుకుని చదవండి. "లక్ష ఇస్తే ఉద్యోగం ఇప్పిస్తా" అని ఎవరైనా వస్తే వాడి మీద ముందు మా దగ్గర ఫిర్యాదు రాయించండి.

2025లో ఆర్‌పీఎఫ్ మొత్తానికి పెద్ద అధికారిగా సోనాలీ మిశ్రా గారు వచ్చారు. ఆ కుర్చీలో ఒక ఆడ మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. కాని మీ పిల్లకు ఆ కుర్చీ చూపించకండి. అది చాలా దూరంలో కనబడుతుంది. ముందు మూడు పట్టీలు చూపించండి. అవి అందుతాయి.

ఇప్పుడు మీరు అడగండి.

(సభలోంచి కొందరు ప్రశ్నలు అడిగారు.)

"మీకు ఇంకా పై మెట్టు ఉందా?" అని అడిగారు. ఉంది. ఏఎస్సై. కాని ఒక చిక్కు వచ్చింది. ఇందాక కొత్త చట్టాలు వచ్చాయని చెప్పాను కదా. దాంతో నేను గోధుమపిండి కలుపుతూ బట్టీ పట్టిన నంబర్లన్నీ మారిపోయాయి. దొంగతనం 379 కాదు, ఇప్పుడు 303. పూలావిడకు జరిగినట్టు లాక్కుపోవడానికి వేరుగా 304 అని పెట్టారు. ఫిర్యాదు రాసే సెక్షను 154 పోయి 173 అయింది. ఈ వయసులో మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను. కళ్ళజోడు కూడా వచ్చింది. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా అత్తగారు పుస్తకం పట్టుకుంటుంది. ఆవిడకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. నేను నంబరు చెబితే పుస్తకంలో ఆ అంకె ఉందో లేదో చూసి చెబుతుంది.

"మగవాళ్ళను కొడతారా?" అని ఈ చెల్లెలు అడుగుతోంది. అందరూ నవ్వుతున్నారు. కొట్టే అధికారం నాకు లేదమ్మా. ఎవరికీ లేదు. పట్టుకుంటాను. రాస్తాను. కోర్టుకు పంపుతాను.

"మా అమ్మాయి పదో తరగతిలో ఉంది, పొట్టిగా ఉంటుంది, పనికొస్తుందా?" అని వెనకనుంచి ఒక అక్క అడిగింది. ఎత్తెంత అక్కా? తెలియదా? పదో తరగతి పిల్ల ఇంకా కొంచెం పెరగవచ్చు. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టండి. తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీయండి. దర్జీ దగ్గర టేపు అడిగి తెండి. నేల దగ్గరనుంచి గీత దాకా కొలవండి. టేపు మీద సెంటీమీటర్ల వైపు చూడాలి, అంగుళాల వైపు కాదు. అక్కడున్న అంకె చదివి, పక్కనే గోడ మీద తారీఖుతో రాసి పెట్టండి. ఆరు నెలలకు మళ్ళీ కొలవండి.